ఇటుకగారి వంతు

తాళాల కొట్టు,
బల్ల ముందు, మధ్యాహ్నం.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. "మీ వీధికి దిక్కూ దివాణం లేకుండా పోయిందట, కొట్టు మూసేసి అక్కను తీసుకుని వెంటనే ఇక్కడికి వచ్చెయ్యండి" అని రాశావు. ఆ రెండు మాటల్నీ ఒకే మూటలో కట్టకు. దివాణం లేనిమాట నిజం. దిక్కు లేనిమాట అబద్ధం.

ముందు దివాణం సంగతి. ముప్పయ్యారేళ్ళు పురపాలక కార్యాలయంలో పెద్ద గుమాస్తాగా చేసి దిగిన నీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను, చెప్పకపోతే నాకు తోచదు. మా ఊరిని రెండు ఊళ్ళు చేశారు కదా. ఆ గీత గీసినాయన చెయ్యి సరిగ్గా మా వీధి దగ్గరికి వచ్చేసరికి వణికింది. పాత ఆఫీసుకు వెళితే "మీరు కొత్త ఊరికి పోయారు" అంటారు. కొత్త ఆఫీసుకు వెళితే "మీరింకా మాకు రాలేదు" అంటారు. పోయాం గాని రాలేదు. ఇరవై రోజులుగా గాలిలో ఉన్నాం. వీధి ఊడ్చేవాళ్ళు రారు, గస్తీ పోలీసు రాడు, అన్నిటికన్నా ముఖ్యం, ఈలాయన రాడు.

ఈలాయన గుర్తున్నాడా? వీధి మొదట్లో కుళాయి దగ్గర, మెడలో ఈల, చంకలో కర్ర. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా వచ్చే నీళ్ళకు ఆయనే అధిపతి. ఒక ఈల ఊదితే ముందుకు జరగాలి, రెండు ఊదితే బిందె తీసెయ్యాలి, మూడు ఊదితే ఆయనకు కోపం వచ్చిందని. ఇప్పుడు ఆయన జీతం ఏ ఊరు ఇవ్వాలో తేలక ఇంట్లో కూర్చున్నాడు.

దాచడం దేనికి, మొదటి రోజు కుళాయి దగ్గర బిందెలకు సొట్టలు పడ్డాయి. రెండో రోజు ఇస్త్రీ ఆమె "నా పెట్టె కాలుతోంది, నేను నిలబడలేను, నా బదులు ఇది నిలబడుతుంది" అని తన బిందె వరుసలో పెట్టి వెళ్ళిపోయింది. దాని వెనక లారీ డ్రైవరు ఒక టైరు ముక్క పెట్టాడు. దాని వెనక లెక్కల మేష్టారు విరిగిన గొడుగు. మధ్యాహ్నానికి నలభై ఇళ్ళ తరఫున నలభై వస్తువులు బారు కట్టాయి. రోజుకు పదిహేనింటికి నీళ్ళు అందుతాయి. అందినది చివరికి పోతుంది, మిగతావి ముందుకు జరుగుతాయి. అంతే, మనుషులు పనులకు పోయారు, వస్తువులు నిలబడ్డాయి. ఎవరి వస్తువునూ ఎవరూ ముట్టుకోరు. కర్ర లేదు, ఈల లేదు.

నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. ఈ వీధిలో నేను తీయలేని తాళం లేదని వీధికంతా తెలుసు. అయినా ఎవరు ఊరెళ్ళినా తాళంచెవి నా చేతికే ఇచ్చి వెళ్తారు. ఇది ఏ చట్టంలో రాసి ఉందో నీ పుస్తకాల్లో వెతికి చెప్పు.

అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. కొట్టు తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది, బల్ల అదురుతోంది. మీ అక్క కులాసా. "వాడు ఒక్కడూ ఏం తింటున్నాడో అడగండి" అంటోంది. అడిగాను.

బావ


కొత్త కాలనీ,
మూడో భవనం, రెండో అంతస్తు.

విషయం: ప్రభుత్వం లేని వీధిలో నివాసం, దాని ప్రమాదములు.
సూచిక: మీరు వంకర అక్షరాలతో రాసిన లేఖ.

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

మీ లేఖ ఆసాంతం చదివి, తేదీ ముద్ర వేసి, దస్త్రంలో ఉంచడమైనది.

మొదటి అంశం. ఇరవై రోజులు ఏ వీధైనా బాగానే ఉంటుంది. కొత్త చెప్పు కూడా ఇరవై రోజులు కరవదు. రెండో అంశం. మీ వరుస నడుస్తున్నది ఈలాయన భయం ఇంకా గాలిలో ఉండబట్టి. చల్లారిన పొయ్యి మీద కూడా కాసేపు చెయ్యి కాలుతుంది. మూడో అంశం. రేపు ఎవడైనా మొండివాడు వచ్చి ఆ టైరు ముక్కను కాలితో తన్నేస్తే టైరు ముక్క ఏం చేస్తుంది? దానికి నోరు లేదు, కర్ర లేదు, దాని వెనక ఠాణా లేదు. నాలుగో అంశం. తాళంచెవి మీకు ఇచ్చేది మీరు మంచివారని కాదు, వీధి చివర ఠాణా ఉందని.

ఇక్కడ చూడండి. మా కాలనీలో ప్రతి పనికీ ఒక బోర్డు ఉంది. మెట్ల మీద కూర్చోరాదు. గోడకు ఆనరాదు. ఏడు తరవాత గట్టిగా మాట్లాడరాదు. నేను వచ్చి పద్నాలుగు నెలలు. ఇంతవరకు ఎవరూ ఎవరి జోలికీ రాలేదు. నా జోలికి అసలే రాలేదు. ఇంతకన్నా క్రమశిక్షణ ఏం కావాలి?

కాబట్టి ఒక ఒప్పందం ప్రతిపాదిస్తున్నాను. కొత్త ఊరు మీ వీధిని స్వీకరించే లోపల, ఆ వరుసలో ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టి, ఆ తగవు వీధి తనంతట తాను తీర్చుకోలేకపోతే, మీరు కొట్టుకు తాళం వేసి అక్కతో సహా ఇక్కడికి వచ్చి స్థిరపడాలి. పక్క గది ఖాళీగానే ఉంది. అలా జరగకపోతే నా ఇనప్పెట్టె సర్దుకుని నేనే అక్కడికి వచ్చి స్థిరపడతాను. సమ్మతమైతే సంతకం చేసి పంపగలరు.

అక్కకు చెప్పండి, పుష్టిగా తింటున్నాను.

ఇట్లు,
విధేయుడు,
బావమరిది


తాళాల కొట్టు,
బల్ల ముందు, వాన వెలిసిన వేళ.

ఓరి దస్త్రం బావమరిదీ,

సంతకం ఇదిగో. వేలిముద్ర కూడా వేశాను, నూనె చేతులు కాబట్టి అది సంతకం కన్నా బాగా పడింది. మీ అక్క ఈ ఒప్పందం విని "ఇద్దరు మగాళ్ళు కూర్చుని నా కాపురం ఏ ఊళ్ళో ఉండాలో పందెం కాసుకున్నారా" అంది. ఆ తరవాత అన్నం పెట్టింది గాని కూర్చోమనలేదు.

ఇప్పుడు అసలు వింత విను. వరుస మొదలైన అయిదో రోజో ఆరో రోజో ఒక సంగతి బయటపడింది. ఇళ్ళు నలభై. వరుసలో వస్తువులు నలభై ఒకటి. లెక్కల మేష్టారు మూడుసార్లు లెక్కపెట్టారు. ఆయన లెక్క తప్పదు, తప్పితే లోకానిదే తప్పంటారు. ఎక్కువైనది ఒక ఇటుక. మామూలు ఎర్ర ఇటుక, ఒక మూల కాస్త విరిగింది. ఎవరిదని అడిగితే ఎవరూ మాదనలేదు.

ఇస్త్రీ ఆమె అంది, "తీసి అవతల పారేస్తే పోలా."

డ్రైవరు అన్నాడు, "ఎవరిదో తెలియకుండా ఎలా తీస్తాం అమ్మా? ఇవాళ దాన్ని తీస్తే రేపు నా టైరు ముక్క తీస్తారు."

మేష్టారు అన్నారు, "వంతు వంతే. ముందు వచ్చింది, ముందు జరగాలి."

అలా దాన్ని ముందుకు జరుపుతూ పోయారు. ఒక పొద్దున్న దాని వంతు రానే వచ్చింది. కుళాయి కింద ఇటుక. అందరూ దాని మొహం చూస్తున్నారు. చివరికి మేష్టారే ఎవరిదో బిందె తెచ్చి నింపించి, ఇటుక పక్కన పెట్టించారు. ఇప్పుడు ఆ బిందె ఎవరికి? ఇటుక తాగదు కదా. డ్రైవరు భార్య బాలింత, పసిగుడ్డుకు ఇరవై రోజులైనా లేవు, బట్టలు ఉతికి ఉతికి నీళ్ళు చాలడం లేదు. "ఆ పిల్లకు ఇచ్చెయ్యండి" అంది ఇస్త్రీ ఆమె. ఇచ్చేశారు. డ్రైవరు బిందె ఎత్తుకుని వెళుతూ వెళుతూ ఇటుక వైపు తిరిగి "చల్లగా ఉండండి" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు, అయినా అన్నాడు.

అప్పటినుంచి అది ఇటుక కాదు, ఇటుకగారు. మూడు రోజులకోసారి ఇటుకగారి వంతు వస్తుంది. ఆ బిందె అవసరం ఉన్న ఇంటికి పోతుంది. ఒకసారి జ్వరం ఇంటికి, ఒకసారి చుట్టాలు దిగిన ఇంటికి, ఎక్కువసార్లు బాలింతకే. పిల్లలు కూడా దాని మీద కూర్చోరు.

నాకు ఒక పాత సంగతి గుర్తొస్తోంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకాయన వచ్చి గేటుకు మంచి తాళం కావాలన్నాడు. బిగించడానికి వెళ్ళి చూస్తే గేటు ఉంది, గోడలు లేవు. చుట్టూ బయలు. "ఇదేమిటి" అంటే "గోడ కట్టేదాకా జనానికి ఇక్కడ గేటు ఉందని తెలియాలి కదా" అన్నాడు. నవ్వుకుంటూ బిగించాను. ఆరు నెలలు ఆ దారినే పోయాను. జనం గేటు దగ్గరికి వచ్చి, తాళం చూసి, వెనక్కి తిరిగి పోయేవాళ్ళు. పక్కనుంచి నడిచి వెళ్ళినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఇది నీ పక్షానికి పనికొస్తుందో నా పక్షానికి పనికొస్తుందో తేల్చుకోలేక రాస్తున్నాను.

తలుపు మళ్ళీ మొదలెట్టింది. ఉంటాను.

బావ


కొత్త కాలనీ,
మూడో భవనం, రెండో అంతస్తు, మంచం మీద నుంచి.

విషయం: ఇటుక ప్రభుత్వం.
సూచిక: మీ నూనె వేలిముద్ర.

బావగారికి నమస్కారములు.

మీ లేఖ చదివి నేను నవ్విన మాట వాస్తవం. కింద ఇంటివారు కర్రతో కప్పు తట్టారు. ఏడు దాటింది మరి.

బావగారూ, మీకు తెలియకుండానే మీకు ప్రభుత్వం వచ్చేసింది. అది ఎవరిదీ కాదు. దానికి ఒక వాటా ఉంది. ఆ వాటా, లేనివారికి పోతుంది. దాన్ని చూస్తే జనం "గారు" అంటున్నారు. ఇక దానికి లేనిదల్లా ఒక గుమాస్తా. రాసి పెట్టుకోండి, ఎవరో ఒకరు ముందుకు వచ్చి "ఇటుకగారి అభిప్రాయం ఏమిటంటే" అనడం మొదలుపెడతారు. ఆ రోజు నుంచి మీకు నిద్ర ఉండదు. నేను ముప్పయ్యారేళ్ళు చేసిన ఉద్యోగం అదే కాబట్టి చెబుతున్నాను.

గేటు కథ నా పక్షానిది. దాన్ని దస్త్రంలో నా వైపు చేర్చుకున్నాను.

ఇక్కడ విశేషాలు లేవు. గత మంగళవారం మెట్ల మీద కాలు జారి చీలమండ బెణికింది. చిన్న విషయం. మెట్ల మీద దీపం లేదని కాలనీ ఆఫీసులో అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చారు. అక్కకు చెప్పనవసరం లేదు.

ఒక్క సందేహం. ఆ ఇటుక ఎవరిదని మీరు అందరినీ అడిగారని రాశారు. మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

ఇట్లు,
బావమరిది


తాళాల కొట్టు.

బావమరిదికి ఆశీస్సులు.

ఇక్కడ అంతా కులాసా. వరుస నడుస్తోంది. ఎండలు పెరిగాయి. తాళాల బేరం మందకొడిగా ఉంది. మేష్టారు బాగున్నారు, డ్రైవరు బాగున్నాడు, ఇస్త్రీ ఆమె బాగుంది.

చీలమండకు వేడినీళ్ళ కాపడం పెట్టు. మీ అక్కకు చెప్పలేదు, ఉత్తరం ఆమే చదువుకుంది.

బావ


కొత్త కాలనీ,
కిటికీ పక్కన.

బావగారికి,

విషయం, సూచిక రాయడం లేదు. మీ ఉత్తరం ఏడు వరుసలు ఉంది. నేను మిమ్మల్ని ఎరిగి నలభై ఏళ్ళు. మీరు "బాగున్నావా" అని అడగడానికి రెండు పేజీలు తీసుకునే మనిషి. మీ పెళ్ళిలో నాకు తాంబూలం ఇస్తూ మొదలుపెట్టిన కథ నా ఉద్యోగం వచ్చాక ముగిసింది. అలాంటి మీరు ఏడు వరుసలు రాశారంటే ఏదో జరిగింది. కొట్లాట జరిగింది. అవునా?

ఇంకో సంగతి. దస్త్రం తీసి మీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. మొదటి దానిలో తలుపు గాలికి కొట్టుకుంటోంది. రెండో దానిలో "మళ్ళీ మొదలెట్టింది". మీ కొట్టుకు నేను తొమ్మిదిసార్లు వచ్చాను. ఆ తలుపు ఏనాడూ కొట్టుకోలేదు. ఎందుకంటే దానికి అడ్డంగా ఒక ఇటుక ఉండేది. ఎర్రది, ఒక మూల విరిగింది. ఆ మూల విరగడానికి కారణం నా బొటనవేలు. ఇరవై రెండేళ్ళ కింద.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఇటుక మాట వచ్చినప్పుడల్లా మీరు కథ మార్చి గేటు దగ్గరికి పోయారు.

నిజం రాయండి. పందెం కోసం అడగడం లేదు.

బావమరిది


తాళాల కొట్టు,
కాలు స్టూలు మీద పెట్టుకుని.

నాయనా,

నిన్ను ముప్పయ్యారేళ్ళు ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే. దొరికిపోయాను.

ఇటుక నాదే. ఇస్త్రీ ఆమె బిందె పెట్టిన రోజు మీ అక్క "మీరూ వెళ్ళి ఏదో ఒకటి పెట్టి రండి" అని పంపింది. చేతికి తలుపు ఇటుక దొరికింది, పెట్టి వచ్చాను. మీ అక్కకు నా మీద ఉన్న నమ్మకం నీకు తెలుసు కదా, నా వెనకే వెళ్ళి తన బిందె కూడా పెట్టింది. అలా ఒకే ఇంటికి రెండు చోట్లు. మేష్టారు లెక్కపెట్టి "ఎవరిది" అని గద్దించేసరికి సిగ్గేసి నోరు మెదపలేకపోయాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకునేలోగా దానికి "గారు" చేరింది. ఒకసారి "గారు" చేరాక నాది అనడం ఎలా? బావమరిదీ, నాకిప్పుడు అనిపిస్తోంది, లోకంలో ప్రతి ప్రభుత్వమూ ఎవరో ఒకడు వరుసలో రెండు చోట్లు పట్టుకుని, చెప్పడానికి సిగ్గుపడడంతోనే మొదలై ఉంటుంది.

నీ జోస్యం అక్షరాలా ఫలించింది. మేష్టారు ఇటుకకు గుమాస్తా అయ్యారు. మొదట సుద్దముక్కతో దాని చుట్టూ గీత గీశారు. తరవాత "ఇటుక ఒప్పుకోదు" అనడం మొదలెట్టారు. బిందె ఏ ఇంటికి పోవాలో అక్షర క్రమంలో చీటీ రాశారు. ఆ చీటీ ప్రకారం ఒకరోజు బిందె మేష్టారి ఇంటికే వెళ్ళింది. ఆయన తప్పు చెయ్యలేదు, చీటీలో అలాగే ఉంది. కాని ఆ నీళ్ళు ఆయన మొక్కలకు పోస్తుండగా డ్రైవరు చూశాడు.

మర్నాడు డ్రైవరు ఇంకో ఇటుక తెచ్చి మొదటి దాని పక్కన పెట్టాడు.

"ఇదెవరు?" అన్నారు మేష్టారు.

"ఇటుకగారి బావమరిది. చుట్టపుచూపుగా వచ్చారు. ఆయనకూ ఒక బిందె కావాలి" అన్నాడు డ్రైవరు.

వీధంతా నవ్వింది. మేష్టారు నవ్వలేదు. "ఇటుక ఒప్పుకోదు" అన్నారు.

"మీ మొక్కలకైతే ఒప్పుకుందా? నా ఇంట్లో పసిగుడ్డు ఉంది మేష్టారూ. దాని బట్టలు మూడు రోజులుగా నానుతున్నాయి."

"నేను కాదు, ఇటుక..."

"ఇటుకా? దాని నోటితోనే చెప్పించండి" అని డ్రైవరు ఆ మొదటి ఇటుకను, అంటే నా ఇటుకను, చేత్తో పైకెత్తాడు. మేష్టారి బట్టతలకూ దానికీ మధ్య జానెడు ఖాళీ. నవ్వులు ఆగిపోయాయి. ఆ క్షణంలో, నీ మీద ఒట్టు, ఈలాయన కోసం వెతికాను. ఒక్క ఈల వినబడితే బాగుండునని నేను, ఈ నేనే, అనుకున్నాను. అది నీ దస్త్రంలో నీ వైపు చేర్చుకో.

ఈల వినబడలేదు. అందుకని నేనే అరిచాను. "ఒరేయ్, అది నాది. నా కొట్టు తలుపుది" అన్నాను.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "మీదా?" అన్నాడు. అంటూ ఆ ఆశ్చర్యంలో చెయ్యి వదిలేశాడు. దగ్గరికి పరిగెత్తుకొచ్చిన నా కుడికాలి బొటనవేలి మీద పడింది ఇటుక. నీ బొటనవేలికి ఇరవై రెండేళ్ళ తరవాత న్యాయం జరిగింది.

రక్తం కళ్ళ చూశాం. డ్రైవరు నన్ను అమాంతం ఎత్తుకుని లారీలో కంపౌండరు దగ్గరికి తీసుకుపోయాడు. నా కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఎవరనుకున్నావు, మేష్టారు. దారి పొడుగునా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు. ఇద్దరూ నన్నే తిట్టారు. తిరిగి వచ్చేసరికి కొట్టు తెరిచే ఉంది, బల్ల మీద పనిముట్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, ఇస్త్రీ ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది.

"అమ్మా, ఇటుక నాదని ఇన్నాళ్ళూ చెప్పలేదు, క్షమించండి" అన్నాను.

ఆమె అంది, "ఆ సంగతి మాకు మేష్టారు లెక్కపెట్టిన మూడో రోజే తెలుసు బాబాయిగారూ. మీ తలుపు టపటపలాడుతుంటే వీధికి చెవులు లేవా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరిదో ఒకరిదని తేలితే ఆ బిందె వాళ్ళది అయిపోతుంది. ఎవరిదీ కాకపోతేనే కదా అందరిదీ అవుతుంది."

నేను నిన్ను పుస్తకాల్లో వెతకమన్న వాక్యం ఇస్త్రీ పెట్టె దగ్గర దొరికింది.

ఆ సాయంత్రమే తీర్పు అయింది. ఇటుక ఉండాలి. దాని తరఫున ఎప్పుడూ ఒకరే మాట్లాడకూడదు. దాని వంతు వచ్చిన రోజు వరుసలో అందరికన్నా చివర ఎవరి వస్తువు ఉంటుందో వాళ్ళే బిందె ఎవరికో చెప్పాలి. ఆ నియమం చెప్పింది ఎవరో కాదు, మేష్టారే. చీటీ చింపి, డ్రైవరు చేతిలో పెట్టారు. రెండో ఇటుకను మాత్రం పంపేశారు. బావమరుదులకు వేరే చోటు లేదన్నారు. అది నా కొట్టు తలుపుకు అడ్డంగా ఉంది. అందుకే ఈ ఉత్తరంలో అక్షరాలు తిన్నగా ఉన్నాయి.

ఇక పందెం సంగతి. కొట్టడమా కాదా, తీర్చుకున్నామా లేదా, నువ్వే తేల్చు. నీ తీర్పుకు కట్టుబడతాను. కొట్టుకు తాళం వెయ్యమంటే వేస్తాను. నా చేత్తో నా తాళం నాకే వేసుకోవడం కొత్తే.

బావ


కొత్త కాలనీ.

బావా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ముందు నా కాలి సంగతి. మీరు చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. నేను జారింది పొద్దున్న తొమ్మిదింటికి. మెట్ల మలుపులో నలభై నిమిషాలు కూర్చున్నాను. ఎదురుగా బోర్డు, మెట్ల మీద కూర్చోరాదని. ముగ్గురు దిగి వెళ్ళారు. ముగ్గురూ మర్యాదస్తులే. ఒకాయన "అర్జీ పెట్టండి" అన్నాడు. ఒకావిడ నా కాలు తొక్కకుండా జాగ్రత్తగా దాటింది. మూడో ఆయన అంబులెన్సుకు ఫోను చేసి తన దారిన తను పోయాడు.

అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో వచ్చింది. అది ప్రభుత్వమే బావా, దాన్ని నేను తీసిపారెయ్యను. నన్ను ఎత్తినవి జీతానికి పనిచేసే చేతులే, కాని మెత్తగా ఎత్తాయి. మీ లారీ కన్నా అది నయం. ఇంతవరకు నా పక్షం.

ఎక్కించాక వాళ్ళు అడిగారు, "ఇంటికి తాళం వేసి ఎవరికి ఇమ్మంటారు?"

నాకు ఒక్క మనిషి కూడా తట్టలేదు. "నాకే ఇవ్వండి" అన్నాను. ఆసుపత్రిలో రెండు రోజులు ఆ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకునే పడుకున్నాను. మీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. తాళంచెవి మీకు ఇచ్చేది ఠాణా ఉందనే అని రాశాను కదా. మా కాలనీకి ఠాణా ఎదురుగానే ఉంది.

ఇప్పుడు పందెం. షరతు, "ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టి". కొట్టింది మనిషి కాదు, ఇటుక. "వీధి తనంతట తాను తీర్చుకోలేకపోతే". తీర్చుకుంది, ఒక్క పూటలో. నేను అటువంటి తగవు తీర్చడానికి పదకొండేళ్ళు పట్టిన దస్త్రం చూశాను. కాబట్టి ఒప్పందం మేరకు నేను ఓడిపోయాను.

కాని ఒక ఇబ్బంది. నేను జీవితంలో ఉత్తర్వు లేకుండా ఒక్క ఊరు కూడా మారలేదు. బదిలీ అయినప్పుడల్లా చేతికి ఒక కాగితం ఇచ్చేవారు, అది చూసుకుని బయలుదేరేవాణ్ణి. ఇప్పుడు ఏ కాగితమూ లేకుండా పెట్టె సర్దుకోవడానికి చేతులు రావడం లేదు. పైగా కాలు ఇంకా సరిగా లేదు. ఒకరికి భారం అవుతానేమో. ఆలోచించి రాయండి.

బావమరిది


తాళాల కొట్టు,
బల్ల ముందు, ఉదయం.

బావమరిదీ,

దివాణం వచ్చేసింది. ఒకటో తేదీన కొత్త ఊరు మా వీధిని పుచ్చుకుంది. ఊడ్చేవాళ్ళు వచ్చారు, చెత్త పోయింది, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఈలాయన కూడా వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త ఈల. పొద్దున్న ఆరింటికి కుళాయి దగ్గర నిలబడి బలంగా ఊదాడు. అక్కడ మనుషులు లేరు. బిందెలు, టైరు ముక్క, గొడుగు. ఏదీ జరగలేదు. రెండు ఊదాడు. మూడు ఊదాడు. టైరు ముక్కకు కోపం గీపం తెలియదు.

ఇస్త్రీ ఆమె వచ్చి "ఎందుకన్నా అంత ఆయాసం, కూర్చోండి" అని స్టూలు వేసింది. ఆయన వరుసంతా చూసుకుంటూ వచ్చి ఇటుక దగ్గర ఆగాడు.

"ఇదెవరిది?"

డ్రైవరూ మేష్టారూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "మీ పైఅధికారిగారిది" అన్నారు మేష్టారు.

ఈలాయన చొక్కా సర్దుకున్నాడు. ఇటుకను ముట్టుకోలేదు. ఇప్పుడు రోజూ వస్తాడు, ఈల జేబులో ఉంటుంది. వరుసలో దూరేవాళ్ళు బయటి వీధి నుంచి వస్తే మాత్రం తీసి ఊదుతాడు. అది మా టైరు ముక్క చెయ్యలేని పని, ఒప్పుకుంటున్నాను. మన వాదన ఎవరు గెలిచారంటే నాకూ తెలియడం లేదు. ముఖాముఖి కూర్చుంటే తప్ప తేలేట్టు లేదు.

నీకు ఉత్తర్వు కావాలన్నావు. నాకు ఉత్తర్వులు రాయడం రాదు, నేను తాళాలవాణ్ణి. ఇంట్లో అధికారం ఉన్నవాళ్ళకు కాగితం ఇస్తున్నాను.

బావ


తమ్ముడూ,

మీ ఇద్దరి ఉత్తరాలూ మొదటినుంచీ నేనే డబ్బాలో వేశాను, నేనే తెచ్చాను, అన్నీ చదివాను. భారం మాట ఇంకోసారి రాస్తే ఊరుకోను.

ఉత్తర్వు: పోయిన నెల పదిహేనో తేదీన నీ చిన్నప్పటి చెంబు, పిడి ఊడినది, వరుసలో పెట్టాను. ఇప్పటికి ఆరుసార్లు దాని వంతు వచ్చింది. ఆరుసార్లూ నింపించి పొరుగు ఇళ్ళకు ఇచ్చాను. నిన్న ఇస్త్రీ ఆమె అడ్డం పడింది. మనిషి లేకుండా ఈ వరుసలో నిలబడే హక్కు ఒక్క ఇటుకకే ఉందట, ఇంకోదానికి లేదట. వీధి కూడా అదే అంది. నేను ఒక్క వంతుకు గడువు అడిగి తీసుకున్నాను.

బయలుదేరేటప్పుడు ఇంటి తాళంచెవి నీ వెంటే తెచ్చుకో. ఇక్కడ ఇవ్వడానికి మనుషులున్నారు. ఆ చెంబు ఇప్పుడు ముప్పై తొమ్మిదోది. నువ్వు ఇటుకవో మనిషివో వచ్చి తేల్చు.

అక్క